ఊపిరి వదిలే బండి

ఇంజిన్ ఆపేశాక కూడా తన బండి ఊపిరి వదులుతోందని ఆ అమ్మాయి చెప్పినప్పుడు మెకానిక్ నవ్వాడు.

ఆమె కూడా నవ్వితే బాగుండేది. నవ్వలేదు. ఆ నల్ల బండిని వానలో తన షాపు నుంచి నెట్టుకుంటూ వచ్చి, స్టాండు వేసి, మొహం మీద అతుక్కున్న జుట్టు వెనక్కి తోసుకుని, అతని నవ్వు పూర్తయ్యేదాకా ఓపిగ్గా నిలబడింది. అదే వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే షట్టరు ఎత్తుతూ అతను ఆమెను చూస్తూనే ఉంటాడు గానీ, ఇన్నాళ్ళలో ఒక్క మాట కలిపింది లేదు.

"నవ్వడం అయిందా?"

"అయిందండీ."

"అయితే ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఇంజిన్ నుంచి బయలుదేరి వెనక చక్రం దగ్గర ముగిసే ఒక రబ్బరు గొట్టాన్ని చూపించింది. మెకానిక్ వంగి దాని మూతికి అరచెయ్యి అడ్డంపెట్టాడు. వానకు తడిసిన ఇంజిన్ చల్లగా ఉంది. చాలాసేపటి నుంచి అది తిరగనే లేదు. అయినా గోరువెచ్చగా ఏదో అరచేతిని తాకింది. ఆగింది. మళ్ళీ తాకింది, పక్కన పడుకున్నవాళ్ళ ఊపిరి మెడకు తగిలినట్టు.

అతను చెయ్యి తీసేసి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

అది బ్రీదర్ గొట్టమని, అందులో వింతేమీ లేదని చెప్పాడు. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా దాని అడుగున ఉన్న గాలికి చోటు చాలదు. ఆ గాలి ఈ గొట్టంలోంచి బయటపడుతుంది. పోతూ పోతూ వేడి నూనెను ఆవిరిగా వెంట తీసుకుపోతుంది. లోపల ఇంకా కాస్త గాలి మిగిలి ఉంటుంది, అంతే. చెబుతున్నది ఆమెకో, తనకో అతనికే తెలియలేదు.

"బతికున్న ఇంజిన్లన్నీ ఊపిరి వదులుతాయండీ," అన్నాడు.

"బతికున్నవి వదులుతాయి. సరే," అందామె.

అప్పుడు గమనించాడతను. ఆ గొట్టం కంపెనీవాళ్ళు బిగించినట్టు లేదు. ఎవరో దానికి ఇంకో ముక్క అతికి వెనక్కి మళ్ళించారు. దాని మూతి సరిగ్గా టైరుకు ఎదురుగా ఉంది. ఇలా ఎవరు చేశారని అడిగాడు. అన్నయ్య చేశాడంది. ప్యాంటు మీద నూనె చుక్కలు పడుతున్నాయని విసుక్కుని, ఒక ఆదివారం కూర్చుని తనే మార్చుకున్నాడట.

"అన్నయ్యకు చెప్పండి. ఆవిరి చల్లారితే మళ్ళీ నూనే అవుతుంది. అదంతా టైరు మీదే పడుతోంది. వానలో మలుపు తిరిగేటప్పుడు..."

ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"చెప్పడానికి లేడు," అందామె. కిందటి వానల్లో వంతెన దాటాక వచ్చే మలుపులో బండి జారిందని, రోడ్డు తడిగా ఉండడం వల్లేనని అందరూ అన్నారని చెప్పింది. చెబుతూ టైరు వైపు చూస్తూనే ఉంది. కాసేపటికి ఆమెకు అర్థమైంది. అర్థమైందని అతనికీ తెలిసింది.

బండి ఇక్కడే వదిలి వెళ్ళమన్నాడు. నూనె ఆవిరిని పట్టే సీసా ఒకటి బిగిస్తాననీ, టైరు మీద ఇక చుక్క కూడా పడదనీ చెప్పాడు. ఆమె తలూపి గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి అతను ఒక నట్టు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ నట్టును ముక్కుకు ఆనించుకుని చూస్తున్నారేంటి? మీకు చూపు ఆనదు కదూ?"

"ఆనుతుంది."

"ఎదురుగోడ మీద ఏం రాసుందో చదవండి."

అక్కడ ఏదో రాసి ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

మర్నాడు ఆమె షాపుకు వెళ్ళాడు. అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివించింది. తప్పు చదివినప్పుడల్లా పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. ఫ్రేము తగిలించి, చెవుల వెనక అది సరిగా కూర్చుందో లేదో రెండు చేతుల్తో తడిమి చూసింది. ఆ కాస్సేపూ అతను ఊపిరి బిగబట్టాడు. ఆమె మొహం అంత దగ్గరగా, అంత స్పష్టంగా కనిపిస్తుందని అతను అనుకోలేదు.

"ఎలా ఉంది?"

"బాగా కనిపిస్తోందండీ."

"ఏం కనిపిస్తోంది?"

అతను గబుక్కున గోడ గడియారం వైపు చూసి టైము చెప్పాడు. ఆమె ఈసారి నవ్వు ఆపుకోలేదు.

ఆ ఉత్సాహంతోనే సీసా బిగించాడు. వేడికి కరగని గట్టి ప్లాస్టిక్ సీసా. లోపలిది బయటికి కనిపిస్తుంది. అందులో స్టీలు పీచు కుక్కాడు. ఇంజిన్ నుంచి వచ్చిన ఆవిరి ఆ పీచుకు తగిలి చుక్కలై అడుగుకు జారుతుంది. మిగిలిన గాలిని ఇంకో గొట్టంతో ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి పంపాడు, ఇంజిన్ మళ్ళీ పీల్చుకునేలా. బయటికి చుక్క నూనె రాదు, గాలీ రాదు. తన పని చూసి తనే మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే ఒక పొద్దున ఆమె బండి లేకుండా మళ్ళీ వచ్చింది. ఈసారి మొహంలో నవ్వు లేదు.

సీసా తీసేయమంది. కారణం అడిగితే తటపటాయిస్తూ చెప్పింది. సాయంత్రం బండి ఇంటికి రాగానే అమ్మ కుర్చీ తెచ్చుకుని దాని పక్కన కూర్చుంటుందట. ఆ గొట్టం దగ్గర చెయ్యి పెట్టుకుని, చీకటి పడేదాకా అలాగే ఉంటుందట. సీసా పెట్టిన రోజు నుంచి అమ్మ సరిగ్గా తినడం లేదు, మాట్లాడడమూ లేదు.

"అమ్మ అది అన్నయ్యే అనుకుంటోంది."

"మీరు?"

"నేనేమీ అనుకోవడం లేదు. కానీ ఇప్పుడు బండి లోపల్నించి చప్పుడొస్తోంది. ఎవరో గదిలో ఇరుక్కుపోయి తలుపు కొడుతున్నట్టు."

అయినా అతను తీయనన్నాడు. ఆమె రోజూ ఆ వంతెన మీదుగానే వచ్చిపోతుందని, పాత గొట్టం మళ్ళీ పెట్టడం తన వల్ల కాదని చెప్పేశాడు.

"నేను ఎటు పోతే మీకెందుకు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. కింద పడని నట్టు కోసం బల్ల కింద వెతకడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు చూసి, కోపం సగం తగ్గిన గొంతుతో, సాయంత్రం ఇంటికొచ్చి తన చెవులతోనే వినమంది.

అతను వెళ్ళేసరికి ఇంకా వెలుగుంది. వాన తెరిపిచ్చింది గానీ మబ్బు కిందికి వేలాడుతోంది. ఇరుకు వరండాలో గోడకు ఆనించి నల్ల బండి, దాని పక్కన కుర్చీలో వాళ్ళమ్మ. ఆమె తల తిప్పి చూసింది.

అతను నేల మీద కూర్చుని చెవి పెట్టాడు. ఆ రోజు ఆమె బండి బయటికి తీయలేదు. పొద్దుట్నుంచీ చల్లగానే ఉంది. లోపల ఎక్కడో టక్, టక్ మంటోంది. వేలి కణుపుతో రేకు మీద కొట్టినట్టు. సీసా వైపు చూశాడు. లోపలి నుంచి అది తెల్లగా మసకబారింది. నెమ్మదిగా తేటపడింది. మళ్ళీ మసకబారింది. తన ఊపిరే దాని మీద పడుతోందేమోనని బిగబట్టి చూశాడు. సీసా మాత్రం ఆగలేదు.

"వాడికి ఊపిరాడడం లేదు బాబూ," అంది పెద్దామె.

అతను నోరు తెరిచాడు. టైరు సంగతి చెప్పొద్దని, గుమ్మంలో నిలబడిన అమ్మాయి కళ్ళతోనే వేడుకుంది. అది పెద్దామె చూసింది. కుర్చీ కింద నుంచి ఒక గుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుంది. నూనె పట్టి అట్టకట్టిపోయిన నల్లటి గుడ్డ.

"మీరిద్దరూ నా దగ్గర దాచక్కర్లేదు. బండిని ఇంటికి తెచ్చిన రోజే ఆ చక్రాన్ని ముట్టుకున్నాను. చెయ్యంతా జిడ్డు. అప్పుడే తెలిసింది నాకు."

అమ్మాయి గుమ్మాన్ని పట్టుకుంది. "తెలిసే నన్ను ఎక్కనిచ్చావా అమ్మా?"

"రోజూ నువ్వు లేవకముందే తుడిచేదాన్ని. గొట్టం తీయించాలని ఎన్నిసార్లో అనుకున్నాను, మనసొప్పలేదు. నిన్ను ఎక్కొద్దంటే బండిని అమ్మేద్దామంటావు. ఒకడు పోయాడు కదా, ఉన్నదాన్నీ పణంగా పెట్టాను. అవును, పెట్టాను."

అమ్మాయి ఏడవలేదు. వచ్చి తల్లి ఒళ్ళోంచి ఆ గుడ్డ తీసుకుని దూరంగా పెట్టింది. అంతకంటే ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

మెకానిక్‌కు తెలిసింది ఒక్క పనే. ఎయిర్ ఫిల్టర్‌లోకి పోయే గొట్టాన్ని ఊడదీశాడు. అక్కడి కన్నాన్ని తన పనిముట్ల సంచిలోని రబ్బరు మూతతో బిగించాడు. సీసా పైమూతి నుంచి వచ్చే గొట్టాన్ని సీటు పక్కకు, కుర్చీలో కూర్చున్నవాళ్ళ చెయ్యి సహజంగా వాలే ఎత్తుకు తెచ్చాడు. దాని కొసకు దుమ్ము లోపలికి పోకుండా చిన్న స్పాంజి ఫిల్టరు తొడిగాడు.

"నూనె సీసాలోనే ఉండిపోతుందమ్మా. ఊపిరి మాత్రం బయటికొస్తుంది," అన్నాడు.

చప్పుడు ఆగిపోయింది. వరండా ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, వీధిలో చూరు నుంచి జారే నీటిబొట్లు కూడా వినిపించాయి.

క్లిప్పు బిగిసిందో లేదో చూద్దామని అతను ముందుకు వంగాడు. కళ్ళజోడు అద్దాలు రెండూ ఒకేసారి తెల్లగా మసకబారాయి. ఏమీ కనిపించలేదు. బుగ్గ మీద వెచ్చగా, నింపాదిగా ఎవరో ఊపిరి వదిలారు. అందులో నూనె వాసన లేదు. పెప్పర్మెంటు వాసన ఉంది.

"అన్నయ్య నోట్లో ఎప్పుడూ ఆ బిళ్ళ ఉండేది," అంది అమ్మాయి, చాలా మెల్లగా.

అతను కదల్లేదు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుని, అతని కళ్ళజోడు తీసి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తుడిచింది. మళ్ళీ పెట్టి, చెవుల వెనక సరిచేసింది. ఈసారి చేతులు వెంటనే తీయలేదు.

"భయమేసిందా?"

"లేదండీ."

"అబద్ధం."

"వేసింది. కానీ పారిపోవాలనిపించలేదు."

కొడుకు పోయాక గేటు దాటని పెద్దామె అప్పుడు లేచి నిలబడింది. వంతెన దాకా తీసుకెళ్ళమని అడిగింది. కూతుర్ని కాదు, అతన్ని.

వెలుగు ఇంకా మిగిలే ఉంది. ఆమె భుజం పట్టుకుని వెనక కూర్చుంటే అతను జాగ్రత్తగా, చాలా నెమ్మదిగా నడిపాడు. వంతెన దాటి మలుపులోకి తిరగగానే, పెట్రోలు ఉండగానే, ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. బండి రోడ్డు పక్కకు ఒరగకుండా, ఎవరో చేత్తో పట్టుకుని నిలబెట్టినట్టు మెత్తగా ఆగింది. పెద్దామె దిగి స్పాంజి ఫిల్టరు దగ్గర చెయ్యి పెట్టింది. ఒక్క ఊపిరి వచ్చింది. పొడుగ్గా, ఎక్కడా తెగకుండా. ఆమె తెల్లజుట్టు కూడా కదిలేంత. ఆ తర్వాత రాలేదు. ఇద్దరూ ఎదురుచూశారు. అతనూ చెయ్యి పెట్టి చూశాడు. ఇంజిన్ వేడి తప్ప మరేమీ లేదు.

"వెళ్ళాడు," అందామె. పవిటతో కళ్ళు ఒత్తుకుంది. ఏటి నీళ్ళ వైపు చూస్తూనే అడిగింది. "మా అమ్మాయంటే ఇష్టమా నీకు?"

హెల్మెట్ లోపల అతను ఏమన్నాడో అతనికే సరిగా వినపడలేదు. ఆమెకు వినపడింది.

"నాతో చెబితే ఏం లాభం బాబూ? దానితో చెప్పు. వాడుంటే ముందు నిన్ను నానా ప్రశ్నలూ వేసేవాడు. వేసే ఉంటాడులే, ఇందాక అంత దగ్గరగా వచ్చి చూశాడు కదా."

బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది.

తిరిగొచ్చేసరికి అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది, చేతులు నలుపుకుంటూ. ఎందుకింత ఆలస్యమని అడిగింది. "ఇతను నీతో ఏదో చెప్పాలట," అని పెద్దామె, ఆకలేస్తోందంటూ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

అతను హెల్మెట్ తీశాడు. మళ్ళీ పెట్టుకోబోయి మానేశాడు. సీసాలోని నూనెను అప్పుడప్పుడూ కింది స్క్రూ విప్పి పారబోయాలని, పీచు జిడ్డుకడితే మార్చాలని, మర్చిపోతే గొట్టం మూసుకుపోయి ఇంజిన్‌లో నూనె కారకుండా ఆపే సీళ్ళు దెబ్బతింటాయని వివరంగా చెప్పాడు.

ఆమె అంతా శ్రద్ధగా విన్నది.

"మీరు చెప్పాల్సింది ఇది కాదు," అంది.

"కాదు," అన్నాడు. "పొద్దున ఒక ప్రశ్న అడిగారు కదా, మీరు ఎటు పోతే నాకెందుకని. మీరు రోజూ క్షేమంగా ఇంటికి చేరాలి. అది నేను నా కళ్ళతో చూడాలి. బండికి ఏ రోగమూ లేకపోయినా నేను ఇక్కడికి రావచ్చా?"

వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆమె తల వంచుకుని గేటు గొళ్ళెం తీసి, పూర్తిగా తెరిచి పట్టుకుంది.

"బండి లేకపోయినా రండి."