సమవాణి అడిగిన ప్రశ్న

సర్వేకు వచ్చిన సిరిచందన మెడలో సమవాణి పట్టీ టక్కున బిగుసుకుంది. ఇక జవాబు నమోదయ్యేదాకా ఊడదు. గొర్రెల దొడ్డి తడక దగ్గర నిలబడ్డ గట్టయ్య ఆమెను చూసి ముఖమంతా నవ్వయ్యాడు. ఆమె తల్లికి సొంత తమ్ముడాయన. చిన్నప్పుడు గొంగడిలో చుట్టుకుని గుట్టంతా తిప్పిన మేనమామ.

"మా సిరి వచ్చిందా! ఇంత సల్ల తాగుదువు రా బిడ్డా."

"వస్తున్నా మామా" అంది సిరి. పట్టీ ఆ మాటను గొంతులోనే పట్టేసి, తన మాటను బయటకు వదిలింది: "సమాధానదారుకు నమస్కారం. గుట్ట మీద గొర్రెల మేతపై మీ అభిప్రాయం చెప్పండి. కావాలి, అక్కర్లేదు, ఏదైనా సరే."

ఆ కాలంలో చట్టాలన్నీ సర్వేలే చేసేవి. "మూగజీవాల హింస ఆపాలా?" అని అడిగితే జనం అవునన్నారు, "తాతల నాటి వృత్తిని కాపాడాలా?" అన్నా అవుననే అన్నారు. ఆ తలనొప్పి వదిలించుకోవడానికే సమవాణి పుట్టింది. అడిగేవారి మాటలో జాలి, కోపం, చుట్టరికం, ఏదున్నా కడిగేస్తుంది. "ఏదైనా సరే" అంటే మాత్రం మేత ఆపినా అభ్యంతరం లేనట్టే లెక్క. ఆ నియమం రాసేటప్పుడు పెద్దల మెడలో ఏ పట్టీ ఉందో మరి!

గట్టయ్య నవ్వు ఆగిపోయింది. భుజం మీది గొంగడి దించి చేత పట్టుకున్నాడు, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు.

"కావాలను మామా! నీ జవాబే ఆఖరుది, లేకుంటే రేపే గుట్టకు కంచె వేస్తారు!" సిరి గొంతు చించుకుంది.

"మీకు తోచిన జవాబు చెప్పవచ్చు" అంది పట్టీ.

ఆమె రెండు చేతులతో పట్టీని లాగింది. అది కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి గట్టయ్య కంగారుపడ్డాడు. తన వల్ల ఆలస్యమై, పైవాళ్లు పిల్లను ఏమంటారోనని ఆయన భయం.

"ఏడ్వకుండ్రి మేడం. నా తోటి మీ నౌకరికి మాట రావద్దు. మీరెట్లంటే అట్లనే. ఏదైనా సరే."

పట్టీ ఊడి కింద పడింది.

"మామా!" ఈసారి సొంత గొంతే వచ్చింది. "కావాలని ఎందుకనలేదు? గుట్ట పోయింది మామా! ఇంక గొర్లెక్కడ మేస్తయి?"

గట్టయ్య గుట్ట వైపు చూశాడు, తరువాత ఆమె వైపు.

"ఈ పిలుపు ముందుగాల్నే పిలిస్తే, నాకేం గావాల్నో చెప్పేటోణ్ని గద" అన్నాడు. తడక తీసి పక్కకు జరిగాడు. "లోపలికి రాండ్రి మేడం. సల్ల తాగి పోదురు."