ఫైబర్ దుమ్ము

ఎస్.ఐ. భానుప్రియకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తప్పు చేయని తల్లిని బిడ్డ నుంచి విడదీసి జైలుకు పంపడం.

ఆ రోజు సరిగ్గా ఆ పనే చేయబోయింది.

తిరుపతి, రేణిగుంట రోడ్డులో కార్లకు పెయింటు వేసే షెడ్డు. మధ్యాహ్నం మూడున్నర. షట్టర్ ఎత్తించగానే భానుప్రియ ముక్కులో ఘాటు వాసన గుచ్చుకుంది. పాత కారు పక్కన, నేల మీద పరిచిన గోనెపట్టా మీద పెయింటర్ మునికృష్ణ పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఊపిరి లేదు.

తల దగ్గర ఖాళీ అన్నం కారియర్.

"పొద్దున పెండ్లాం మొగుడూ కొట్లాడుకున్నారంట మేడమ్," అన్నాడు షెడ్డు ఓనర్ మోహన్‌కృష్ణ. "కూడు తెచ్చిచ్చింది ఆమే. ఇంకేముండాది?"

మునికృష్ణ భార్య నిర్మలమ్మను స్టేషన్‌కు తెచ్చారు. ఒళ్ళో ఏడాది బిడ్డ. ఆమె ఏడవడం లేదు. గోడకేసి చూస్తోంది.

"ఎందుకు కొట్లాడినావమ్మా?"

"బిడ్డను ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు."

"ఎందుకని?"

"ఫైబర్ బండి గీకుతా ఉండాడు గదా. పాత పెయింటు పోవాలని గరుకు ఉప్పుకాగితం పెట్టి రుద్దితే ఆ దుమ్ము ఒంటికి పట్టుకోని ఒకటే దురద. నీళ్ళు పోసుకున్నా పోదు. బిడ్డకు అంటుకుంటాదని దూరంగా పండుకుంటా ఉండాడు. నాకు కోపమొచ్చింది."

"కారియర్‌లో ఏం పెట్టినావు?"

"వంకాయ పులుసు. నేనూ అదే తిన్నా. చట్టిలో ఇంకా ఉండాది, సూసుకోండి."

ఫోన్ మోగింది. సి.ఐ.

"రిమాండ్ రిపోర్ట్ సాయంత్రానికి రెడీ చెయ్."

భానుప్రియ రాయలేదు. జీపెక్కి మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది.

కారు తలుపులు, బానెట్ ఉప్పుకాగితంతో రుద్ది నున్నగా ఉన్నాయి. పైకప్పు మాత్రం వేరు. అక్కడ పెయింటు ముడతలు పడి ఉబ్బింది. దాని కింద బాడీ జిగటగా మెత్తబడి, పోగులు బయటికి లేచాయి. గోరు ఆనిస్తే దిగబడింది.

మూలన పెయింట్ రిమూవర్ డబ్బా. ఖాళీ.

అది చర్మానికి తగిలితే మంట పుట్టి ఎర్రగా కమిలిపోతుంది. శవపంచనామాలో చూసిన మునికృష్ణ చేతుల మీద తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఓనర్‌ను, పెయింటుకు కారు ఇచ్చిన చిత్తూరు బాలచంద్రను షెడ్డుకు పిలిపించింది.

"పొద్దున యాడున్నారు మీరు?"

"చెన్నైలో మేడమ్," అన్నాడు మోహన్‌కృష్ణ. "నాల్గు దినాలైంది పోయి. మద్దేన్నం వచ్చినా."

"పైకప్పు మీద ఈ రిమూవర్ మందు పూసిందెవరు?"

"ఆయప్పే. రేకు మీద పూస్తే పెయింటు పొరలు పొరలుగా లేచొస్తాది. బిరీన అయిపోతాదని పూసుంటాడు."

"ఏ రేకు?"

"ఈ బండి రేకే."

బాలచంద్ర నవ్వబోయి ఆగిపోయాడు. "దీనికి రేకు యాడుండాదప్పా? నాది ఫైబర్ బాడీ. నువ్వు ఊర్లో లేవు, ఆ మాట మునికృష్ణకు చెప్పి ఇడిసిపోయినా."

మోహన్‌కృష్ణ కారు వైపు చూశాడు.

"రిమూవర్ రేకును ఏమీ చేయదు. ఫైబర్‌ను తినేస్తుంది," అంది భానుప్రియ. "అది మునికృష్ణకు తెలుసు. అందుకే చేత్తో రుద్దుతున్నాడు. ఇంట్లో భార్యకూ ఇది ఫైబర్ బండి అని తెలుసు. రేకనుకున్నది మీరొక్కరే. ఊరి నుంచి వచ్చి చూస్తే పని సగమే అయింది, మనిషి తిని పడుకుని ఉన్నాడు. పని తొందరగా అవ్వాలని డబ్బా మొత్తం పైన పోశారు. షట్టర్ దించారు. ఆ ఆవిరి విషం, గాలికన్నా బరువు. నేలకు దిగుతుంది. అతను నేల మీదే ఉన్నాడు."

"వాసనొస్తే పక్కన టిఫిన్ సెంటరోళ్ళు గలాటా చేస్తారని దించినా మేడమ్. సంపాలని కాదు."

"సరే. మరి ఆ కూడు మాట ఎందుకు చెప్పినావు?"

అతను వెళ్ళి జీపెక్కాడు.

భానుప్రియ స్టేషన్‌కు తిరిగొచ్చింది. "నువ్వు పోవచ్చు నిర్మలమ్మా."

ఆమె లేవలేదు.

"యాడికి?" అంది.

ఇప్పుడామె బిడ్డతో సత్యవేడులో, పిన్నమ్మ ఇంటి వెనక గదిలో ఉంటోంది. భానుప్రియ ఫోన్ చేస్తే ఊ అంటుంది, అంతే. ఆ ఊరివాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, ఒకసారి వెళ్ళి ఆ తలుపు తట్టండి. ఆమె తిన్నదో లేదో చూసి రండి.