పారాణి మినహాయింపు

స్నానాల గది అద్దంలోని చర్మసాక్షి ఆ ఉదయం కూడా వేదవల్లిని తల నుంచి చీలమండల దాకా చూసి, "నిర్మలం" అని తేల్చింది. పద్ధెనిమిదేళ్లుగా రోజూ అదే మాట. ఇంటింటికీ ఆ అద్దాలు వచ్చాక చర్మ క్యాన్సర్‌తో పోయినవాళ్ల సంగతి ఎవరూ వినలేదు. చర్మవైద్యులు ఒక్కొక్కరే బోర్డులు దించేశారు.

"నా ఒంటి సంగతి సరేనే తల్లీ, నా కళ్ల సంగతేంటి!" అని ఆమె అద్దం మీద విసుక్కుంది.

రెండు నెలలుగా రెండు కళ్లలోనూ నల్లటి నలుసులు తేలుతున్నాయి. కూచిపూడిలో నలభైమందికి నాట్యం నేర్పే మనిషికి, పిల్లలు హస్తం సరిగా పట్టారో లేదో కనబడకపోతే ఇంకేం మిగులుతుంది? వీధి చివరి నేత్రపేటికలో మూడుసార్లు తల పెట్టింది. మూడుసార్లూ అది "వయసు మచ్చలు, చుక్కలమందు వేసుకోండి" అంది. చర్మసాక్షి నిర్మలమన్న మనిషి కంట్లో అంతకుమించి వెతకొద్దని దానికి నేర్పారట. ఒక యంత్రం చెప్పిందని ఇంకో యంత్రం తలూపడం! వేదవల్లికి ఒళ్లు మండింది. బస్సెక్కి బందరు వెళ్లి డాక్టర్ జుబేదాను పట్టుకుంది. రోగి కంట్లోకి స్వయంగా చూసే డాక్టరు ఆ జిల్లాలో ఆవిడొక్కరే.

జుబేదా సన్నటి సూదితో కంటి లోపలి ద్రవం కాస్త తీసి పరీక్షకు పెట్టింది. మర్నాడు వేదవల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇది కంట్లో పుట్టింది కాదు, టీచర్ గారూ. చర్మం మీది మెలనోమా రక్తంలో పడి కంటి లోపలికి చేరింది. చాలా అరుదు, కానీ చేరుతుంది. ఒంటిమీద నల్లమచ్చ ఎక్కడుంది?"

"ఎక్కడా లేదండీ. రోజూ నిర్మలమనే అంటోందిగా ఆ దిక్కుమాలిన అద్దం!"

"పాదాలు చూపించండి."

స్పిరిట్‌తో, పాదాలకు ఎప్పుడూ ఉండే పారాణి తుడిచేసరికి ఎడమ మడమ కింద, కాయ కాచిన చోట, చింతగింజంత నల్లమచ్చ బయటపడింది.

వేదవల్లి కాలు దగ్గరకు లాక్కుని ఆ మచ్చను తడిమి చూసింది. పద్ధెనిమిదేళ్ల కిందట, పారాణినీ కాయలనూ చూసి అద్దం రోజూ గగ్గోలు పెడుతుంటే, ప్రాణం విసిగి ఊళ్లో నాట్యం చేసేవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించింది తనే. ఆఫీసుల చుట్టూ తిరిగి, పోట్లాడి 'పారాణి మినహాయింపు' సాధించింది. అప్పట్నుంచి ఆ ఊరి నర్తకుల్లో ఎవరి పాదాలనూ చర్మసాక్షి చూడదు. అందుకు ఆమెకు సన్మానం కూడా చేశారు.

"మందు రేపే మొదలుపెడదాం. చూపు ఎంత దక్కుతుందో మాత్రం చెప్పలేను," అంది జుబేదా.

"రేపొస్తాను. ఇవాళ నాకు పనుంది."

సాయంత్రం తరగతిలో వేదవల్లి పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, నీళ్లబకెట్టుతో నేలమీద కూలబడింది. పదహారేళ్ల ఇంద్రజ కాలు వెనక్కి లాక్కుంది.

"అయ్యో, మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి టీచర్! నాకు పాపం తగులుద్ది."

"నాకు తగిలింది చాల్లే. కాలు ఇటియ్యి!"

పారాణి కడిగేసరికి బొటనవేలి కింద ఒక నల్లచుక్క కనిపించింది. తడిగుడ్డతో రుద్దింది. పోలేదు. అది పిల్ల పాదం మీద ఉందో, తన కళ్లలో తేలుతోందో ఆమెకు తెలియలేదు. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"అందరూ ఇలా రండే! ఇక్కడ మచ్చ ఉందా, నాకే కనబడుతోందా?"

పిల్లలు చుట్టూ మూగారు. పుట్టిన దగ్గర్నుంచీ తమ ఒళ్లు తాము చూసుకోవలసిన అవసరమే వాళ్లకు రాలేదు.

"ఉంది టీచర్," అంది ఇంద్రజ. "పుట్టుమచ్చో, ఇంకోటో మాకెట్లా తెలుస్తుంది? అద్దం ఏమీ అన్లేదుగా."