మోకాళ్ళ మొక్కు

పీట మీద నుంచి లేవడానికి పరమేశ్వరికి మూడు ఆసరాలు కావాలి. ఎడమచేతికి గోడ, కుడిచేతికి కోడలు, నోటికి రాముడు. ఆ ఉదయం గోడా రాముడూ ఉన్నారు గానీ, కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ఆమె రెండుసార్లు లేవబోయి మళ్ళీ చతికిలబడింది.

"హమాలీని పిలవమంటావా?" అన్నాడు సీతారామాంజనేయులు, ఇడ్లీ తుంచుకుంటూ. "క్వింటాలు బస్తాలెత్తేవాళ్ళు కొట్లో ఇద్దరున్నారు."

తిరువూరు బజారులో ఆయనది బియ్యం, పప్పుల కొట్టు. ముప్ఫయ్యేళ్ళుగా తూకాల మధ్య బతికిన మనిషి కనుక భార్యను వెక్కిరించినా తూకంలోనే వెక్కిరిస్తాడు. "మా ఇంటావిడ ఎక్కితే కాటా ముల్లు సిగ్గుపడి పక్కకు తిరుగుతుంది" అని ఆయన ఎవరితోనో అన్న మాట బజారంతా తిరిగి ఆమె చెవికే చేరింది.

ప్రేమావతి తడిచేతులతోనే పరుగున వచ్చి అత్తగారి చంక కింద చెయ్యి వేసి లేపింది. లేపిన వెంటనే చెయ్యి తీసెయ్యదు ఆ పిల్ల. నొప్పి సర్దుకునేదాకా, ఏదో అడగడానికే నిలబడ్డట్టు నిలబడుతుంది. "చింతపండు నానేశారా అత్తయ్యా?" అంది. నానేసింది ఆ పిల్లే.

ఆ పూటే పరమేశ్వరి భర్తతో కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, మాత్రలు రాసి, మిగతాది నర్సు ఏసురత్నానికి అప్పజెప్పాడు.

"మాత్రలు నొప్పికండీ అమ్మగారూ. జబ్బుకి మందు మీ కాళ్ళే" అంది ఏసురత్నం. "రోజూ నడవాలి. మొదట్లో పది నిమిషాలు చాలు. చదునైన రోడ్డు మీద, చెప్పులేసుకుని. నొప్పి గంటలో సర్దుకుంటే కొంచెం కొంచెం పెంచుకోండి. మర్నాటికీ ఉంటే తగ్గించండి గానీ మానెయ్యకండి. పీట మానేసి కుర్చీలో కూర్చోండి. కూర్చున్నప్పుడు ఒక్కో కాలూ తిన్నగా చాపి, కాసేపు ఉంచి దించండి. ఒళ్ళు తగ్గిందంటే మీ మోకాళ్ళే మీకు దణ్ణం పెడతాయి."

"నడిస్తే అరిగిపోవూ?"

"నడవకపోతే తుప్పు పడతాయండీ."

మర్నాడు పొద్దున పరమేశ్వరి చెప్పులేసుకుని విస్సన్నపేట రోడ్డు మీద రెండు ఫర్లాంగులు నడిచి వచ్చింది. చెమట పట్టింది, ఆయాసం వచ్చింది, మోకాళ్ళు నొప్పెట్టాయి. అయినా పెళ్ళినాటి నుంచీ ఎప్పుడూ చూడని మామిడిపూత చూసి వచ్చినందుకు మనసు తేలిగ్గా ఉంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన భర్త ముఖం చూశాక ఆ తేలిక పోయింది.

"పొద్దున రోడ్డెక్కావట?"

"డాక్టరు చెప్పాడు కదండీ."

"డాక్టరు చెప్పాడని మెళ్ళో పలక కట్టుకుని తిరిగావా? చేతిలో సంచీ లేదు, పక్కన మనిషి లేడు. శెట్టిగారి కొట్టు దివాలా తీసిందా, ఆవిడకి రిక్షా కూడా లేదా అని అడుగుతున్నారు నన్ను."

"మరి మోకాళ్ళో?"

ఆయన పెరుగు కలుపుకుని ఆలోచించాడు. "గుడికి పో. ఆంజనేయస్వామి చుట్టూ తిరుగు. నడకా అవుతుంది, పుణ్యమూ వస్తుంది. భక్తి అంటే ఎవడూ నోరెత్తడు. గుడిదాకా రిక్షాలో వెళ్ళు, అక్కడ నడువు. అమ్మాయికి కూడా చెప్పకు. అత్త ఒళ్ళు తగ్గించుకోడానికి తిరుగుతోందని పుట్టింటికి చెప్పిందనుకో, విస్సన్నపేట నుంచి నవ్వులు బస్సెక్కి వస్తాయి."

అలా రిక్షా లాజరుకి కొత్త బేరం దొరికింది. "నడవడానికి రిక్షాలో వెళ్ళేది మీరొక్కరే అమ్మగారూ" అన్నాడతను రెండోరోజు. పరమేశ్వరికి నవ్వు వచ్చింది. ఆ వారంలో ఆమె నవ్వింది ఆ ఒక్కసారే.

గుళ్ళో చెప్పులుండవు. నేల నల్లరాయి. ఎప్పుడూ ఒకే వైపు తిరగాలి. ఆమె పదకొండు ప్రదక్షిణలతో మొదలుపెట్టింది. మూడోరోజున, కొట్టు ఎదురింటి సుబ్బాయమ్మ ధ్వజస్తంభం దగ్గర పట్టుకుంది.

"ఏంటి వదినగారూ, ఈ మోకాళ్ళతో? ఏదైనా మొక్కా?"

పరమేశ్వరి నవ్వి ఊరుకుంది.

"నాకు తెలియదనుకున్నారా? మీ అబ్బాయి మధుసూదనరావుకి పెళ్ళై నాలుగేళ్ళాయె. మనవడి కోసమేగా?"

కాదంటే మరెందుకో చెప్పాలి. చెబితే బస్తాలూ కాటాలూ గుర్తొస్తాయి జనానికి. పరమేశ్వరి తల దించుకుని "ఊఁ" అంది.

"అయితే పదకొండేంటి! సంతానానికి నూటెనిమిది తిరగాలి. మండలం రోజులు. మధ్యలో ఆపితే దోషం." సుబ్బాయమ్మ అప్పటికప్పుడు కొంగుముడి విప్పి లెక్కకు చింతగింజలు కూడా ఇచ్చింది.

తొమ్మిది రోజులు తిరిగేసరికి మోకాళ్ళు కొబ్బరికాయల్లా వాచాయి. పరమేశ్వరి వాటిని చీర కుచ్చిళ్ళ కింద దాచుకుంది. ఏం మొక్కని ప్రేమావతి అడగలేదు. గుడి నుంచి రాగానే వేడినీళ్ళు మాత్రం తోడి పెట్టేది.

పన్నెండోరోజు సాయంత్రం ప్రేమావతి సుబ్బాయమ్మగారింటికి పేరంటానికి వెళ్ళింది. తిరిగి వచ్చి అన్నం తినకుండా పడుకుంది. మర్నాడు పొద్దున్నే పెట్టె సర్ది వసారాలో పెట్టింది. ఆమె భర్త సరుకు కోసం బెజవాడ వెళ్ళి రెండు రోజులైంది.

"ఎక్కడికే అమ్మాయ్?" అంది పరమేశ్వరి.

"మా ఊరికి."

"వాడు రాకుండానే?"

"ఆయన వచ్చాక నాకంటే మంచిదాన్ని చూడండి." ప్రేమావతి గొంతు అంత గట్టిగా పలకడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. "నిన్న పదిమంది ముత్తైదువల ముందు నా ఒళ్ళో కొబ్బరికాయ పెట్టారు. మీ అత్త కుంటుకుంటూ నీ కోసం గుడి చుట్టూ తిరుగుతుంటే నువ్వు ఇంట్లో సుఖంగా కూర్చున్నావా అన్నారు. మండలం లోపు నెల తప్పకపోతే వాళ్ళ ఆలోచనలు వాళ్ళకుంటాయి కదా అని ఒకావిడ. ఆ కొబ్బరికాయ పట్టుకుని బజారులో ఎలా నడిచొచ్చానో నాకే తెలియదు."

"అది కాదే..."

"ఏది కాదు? మీరు చెప్పలేదూ సుబ్బాయమ్మగారితో? నా మొహం చూసి చెప్పండి."

పరమేశ్వరి చూడలేకపోయింది.

"అయిదోనెలలో కడుపులో పిల్ల పోయి రెండేళ్ళైంది" అంది ప్రేమావతి. "మా అమ్మతో సహా అందరూ ఏదో ఒకటి అన్నారు. నువ్వు బరువెత్తావన్నారు, బొప్పాయి తిన్నావన్నారు. మీరొక్కరే ఒక్క మాట అనలేదు. ఈ ఇంట్లో మామయ్యగారు ఎన్నన్నా పడి ఉన్నది ఆ ఒక్క మాట అననందుకే. లోపల ఇది పెట్టుకున్నారని తెలియక మీ కాళ్ళకి నీళ్ళు కాచాను."

"నీ కోసం కాదే ఆ ప్రదక్షిణలు! నా మోకాళ్ళ కోసం! డాక్టరు నడవమన్నాడు."

ప్రేమావతి ఏడుస్తూనే నవ్వింది. "నడిచేవాళ్ళు రిక్షాలో వెళ్తారా? రాళ్ళ మీద నూటెనిమిది తిరుగుతారా? అబద్ధమైనా అతికినట్టుండాలి అత్తయ్యా."

పరమేశ్వరి భర్త వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఎవరి సలహా ఇది?"

సీతారామాంజనేయులు కండువా సర్దుకున్నాడు. "నేను చెప్పింది తిరగమని. ఊఁ కొట్టమని కాదు. అయినా ఇప్పుడేం కొంప మునిగింది? మనవడి కోసమనుకుంటే అనుకోనీ. గౌరవమైన మాటే కదా. నీ ఒంటి సంగతి తెలిస్తే నవ్వరూ?"

"నన్ను చూసి నవ్వకుండా ఉండాలని దీన్ని నిందలపాలు చెయ్యమంటారా?"

"గొంతు తగ్గించు. పక్కవాళ్ళు వింటారు."

వాళ్ళిద్దరూ అలా ఉండగానే ప్రేమావతి పెట్టె ఎత్తుకుని వాకిట్లో లాజరు రిక్షా ఎక్కేసింది. విస్సన్నపేట బస్సుకి ఇంకా అరగంట ఉంది. పరమేశ్వరి గుమ్మందాకా వెళ్ళి చెప్పులేసుకుంది.

"ఆగు. ఇంకో రిక్షా పిలిపిస్తాను" అన్నాడు భర్త.

"వద్దు."

"ఆ కాళ్ళతో బజారంతా నడుస్తావా? పదిమందీ చూస్తారు!"

"చూడాలనే" అంది ఆమె, మెట్టు దిగుతూ.

ఆ ఉదయం తిరువూరు బజారులో ఉన్నవాళ్ళందరూ ఆమెను చూశారు. మొదట అడిగింది బట్టలకొట్టు గుమాస్తా. "ఏంటమ్మగారూ, నడిచి వెళ్తున్నారు?"

"ఒళ్ళు పెరిగింది నాయనా. మోకాళ్ళు పట్టేశాయి. డాక్టరు నడవమన్నాడు."

అలవాటు లేని నోటికి ఆ మాట చేదుగా తగిలింది. అతను నవ్వలేదు. "మా అమ్మకీ అంతేనండి" అన్నాడు. నాలుగడుగులు వేశాక అరుగు మీద పప్పులు చెరుగుతున్న ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం కిసుక్కుమన్నారు. ఆమె ఆగింది. చెవులు వేడెక్కాయి.

"నవ్వండమ్మా, తప్పులేదు. ఒంట్లో ఉన్నది దాస్తే దాగేదా? గుళ్ళో తిరిగింది కూడా ఇందుకే. మనవడి కోసం కాదు. మా కోడలికి ఏ లోపమూ లేదు. మీరు విన్నది అబద్ధం, ఆడింది నేను."

సుబ్బాయమ్మ ఇంటి ముందు కుడికాలు ఇక రానన్నది. ఆమె గేటు పట్టుకుని నిలబడింది. ముగ్గు వేస్తున్న సుబ్బాయమ్మ లేచి, "అయ్యో వదినగారూ, మండలం మధ్యలో..." అంటోంది.

"నేను మొక్కలేదండీ సుబ్బాయమ్మగారూ. సిగ్గుపడి ఊఁ అన్నాను. మీ చింతగింజలు ఇంటికి పంపిస్తాను. పులిహోరలో పనికొచ్చేది చింతపండే గానీ గింజలు కాదు కదా, నేనేం చేసుకోను? దోషమంటూ ఉంటే నాది. నిన్న ఆ పిల్ల ఒళ్ళో కొబ్బరికాయ పెట్టిన చేత్తోనే ఈ మాట కూడా నలుగురికీ పంచిపెట్టండి."

ఎదురుగా కొట్లో సీతారామాంజనేయులు. ఆయన అడ్డదారిన ముందే చేరి గల్లా ముందు కూర్చున్నాడు. బేరానికి వచ్చిన నలుగురూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన కాటా మీదున్న పెసలు మళ్ళీ తూచాడు.

బస్టాండు మలుపులో లాజరు రిక్షా ఆగి ఉంది. గొలుసు ఊడిందట. ఊడిన గొలుసు వెయ్యడానికి అంతసేపు పడుతుందా అని అతన్ని ఎవరూ అడగలేదు. ప్రేమావతి వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. సుబ్బాయమ్మ గేటు దగ్గరి మాటలు ఆమెకు అక్కడిదాకా వినిపించాయి. ఒక్కో అడుగుకీ ఆగుతూ, చీర అంచు దుమ్ములో ఈడుస్తూ వస్తున్న అత్తగారిని చూస్తూ ఉండిపోయింది.

పరమేశ్వరి వచ్చి రిక్షా చక్రం పట్టుకుంది. మాట్లాడటానికి ఊపిరి లేదు. చీర రవంత పైకి లాగి మోకాళ్ళు చూపించింది. నడిబజారులో, ఇంత వయసొచ్చిన ఇల్లాలు.

ప్రేమావతి గబుక్కున దిగి ఆ చీర కిందికి లాగేసింది. "ఏంటండీ ఇది! అందరూ చూస్తున్నారు!"

"నువ్వు నమ్మవు కదా."

"నమ్మాను. నమ్మాను లెండి." ఆ పిల్ల చెయ్యి అప్పటికే అత్తగారి చంక కిందికి చేరింది. "ఇంత వాస్తే నాతో ఒక్క మాట చెప్పకూడదూ? నేను నవ్వేదాన్నా?"

"మీ మామయ్య వద్దన్నారు" అనబోయి పరమేశ్వరి ఆగింది. "నాకే సిగ్గేసింది" అంది.

విస్సన్నపేట బస్సు బస్టాండులోంచి హారను కొట్టి వెళ్ళిపోయింది. దాని వైపు ఇద్దరూ చూడలేదు.

"ఎక్కండి, ఇంటికెళ్దాం" అంది ప్రేమావతి.

"ఎక్కను. ఇవాళ ఇక ఎక్కను. మెల్లిగా వస్తాను."

లాజరు గొలుసు ఒక్క తిప్పుతో వేసి, సీటెక్కకుండా రిక్షా నడిపించుకుంటూ వాళ్ళ వెనకే వచ్చాడు. అందులో పెట్టె ఒక్కటే దర్జాగా కూర్చుంది.

కొట్టు దగ్గరికి వచ్చేసరికి అరుగు ముందు, నీడలో, ఒక స్టూలు వేసి ఉంది. సీతారామాంజనేయులు లోపలెక్కడో లెక్కలు చూస్తున్నాడు. తల ఎత్తలేదు. ఆ స్టూలు ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. వెళ్ళిపోదామనే అనుకుంది పరమేశ్వరి. కానీ కూర్చుంది. ఆయన కోసం కాదు, మోకాళ్ళ కోసం.

ప్రేమావతి పక్కనే అరుగు మీద కూర్చుంది. చిన్నగా అడిగింది. "అత్తయ్యా, నిజంగా నా కోసం ఎప్పుడూ మొక్కలేదా?"

పరమేశ్వరి చీర అంచుకి అంటిన దుమ్ము దులుపుకుంది.

"ఒక్కసారి మొక్కాను. పిల్ల పోయాక నీకు జ్వరం వచ్చి మూడురోజులు తెలివి లేదు చూడు, అప్పుడు. గంపలగూడెంలో బస్సు దిగి నెమలి గుడిదాకా నడిచి వస్తానని వేణుగోపాలస్వామికి మొక్కాను. నువ్వు లేచి కూర్చున్న వారానికి వెళ్ళి తీర్చుకొచ్చాను."

"నాకెవరూ చెప్పలేదే! పిల్లల్ని ఇమ్మని అడిగారా?"

"లేదే. నిన్ను ఉంచమన్నాను. అంతే."

ప్రేమావతి అత్తగారి మోకాలి మీద తల ఆనించబోయి, నొప్పెడుతుందని గుర్తొచ్చి ఆగి, ఆమె చెయ్యి అందుకుని దానిలో ముఖం దాచుకుంది. లోపల సీతారామాంజనేయులు లెక్కలు ఆపేశాడు.