మెట్ల కింది గదిలో లెక్క

ఆ ఇంట్లో మెట్ల కింది గదికి చెడ్డపేరుంది. లోపల ఎవరో గొణుగుతారట... అద్దెకొచ్చినవాళ్లెవరూ ఆరు నెలలు ఆగలేదట. ఇంటాయన ఈ సంగతి దాచకుండా చెప్పేస్తే మా మావయ్య ఎగిరి గంతేశాడు.

"కిటికీ లేదా? వెలుగు చుక్క కూడా రాదా? అయితే రేపే దిగుతాం!"

మావయ్యకి ఫోటోల పిచ్చి. ఉద్యోగం ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం. ఊరందరి తప్పులూ పట్టే మనిషే కానీ, మా నాన్న పెళ్లి రీలు కడిగేటప్పుడు సీసాలు తారుమారు చేశాడు. ముందు బొమ్మని తేల్చే డెవలపర్ పోయాల్సింది, తేలిన బొమ్మని నిలబెట్టే ఫిక్సర్ పోసేశాడు. రీలంతా గాజులా ఖాళీగా తేలింది. మా అమ్మానాన్నల పెళ్లికి సాక్ష్యం ఇప్పుడు పిల్లలం మేమే.

ఈసారి చేతిలో ఉన్నది మా చిన్నత్త పెళ్లి రీలు. ఆ ఒక్కటే ఉంది. ఇదీ పోతే మా నానమ్మకి, అంటే తన అత్తగారికి, మొహం ఎలా చూపించాలో తెలీక మావయ్య నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు. పైగా చిన్నత్త పెళ్లయ్యాక నానమ్మ మకాం మావయ్య వాళ్లింట్లోనే.

ఐదో రోజు రాత్రి భోజనాలయ్యాక తెగించి ఆ గదిలోకి వెళ్లి లైటు వేయకుండానే తలుపేసుకున్నాడు. సందుల్లో దుప్పట్లు కుక్కాడు. రీలు కడిగే డబ్బా మూత ఎప్పుడో పగిలిపోయింది కాబట్టి పనంతా చీకట్లోనే. మధ్యలో తలుపు తెరుచుకుందా, రెండో పెళ్లి కూడా గోవిందా!

రీలు డబ్బాలో దించాడు. తడుముకుంటూ ఓ సీసా అందుకుని మూత తీశాడు. వంచబోయాడు...

ఒక చెయ్యి వచ్చి అతని చేతిని పక్కకి తోసింది.

చల్లటి చెయ్యి... రెండో సీసాని మెల్లిగా అతని వేళ్లకి తగిలించింది.

మావయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామంటే తలుపు తియ్యాలి. తలుపు తీస్తే రీలు పోతుంది. లోపల దెయ్యం, బయట అత్తగారు — రెండిట్లో దెయ్యమే నయమనుకుని నిలబడిపోయాడు.

రెండో సీసా పోశాడు. పది నిమిషాలు, అంటే ఆరువందలు లెక్కపెట్టాలి. "ఒకటి... రెండు..." ముప్పై ఏడు దగ్గర నాలుక పిడచకట్టుకుపోయి మాట ఆగిపోయింది.

"ముప్పై ఎనిమిది..." అని చీకట్లోంచి సన్నగా వినిపించింది. "ముప్పై తొమ్మిది..."

ఆరువందల దాకా ఎక్కడా తడబడలేదు. మావయ్య డెవలపర్ ఒంపేసి, నీళ్లు పోసి, ఫిక్సర్ పోశాడు. మళ్లీ అదే గొంతు, మళ్లీ లెక్క... అదీ పూర్తయ్యాక లైటు వేశాడు.

మూలన స్టూలు మీద — మా నానమ్మ!

"మీరా అత్తయ్యగారూ!"

"ఏమనుకోకండి అల్లుడుగారూ, మీ మీద నమ్మకం లేక ముందే వచ్చి కూచున్నా. పుల్లటి వాసనొచ్చేది ముందు పోసేశానని అబ్బాయి పెళ్లి రీలప్పుడు మీరే ఏడ్చారు కదా? మూత తీయగానే అదే వాసన తగిలింది. నోరు విప్పితే హడలిపోయి తలుపు తీసేస్తారని చెయ్యి తోశా."

మావయ్య తడి రీలుని లైటుకెత్తి చూశాడు. నెగటివ్ కదా, నల్ల మొహాలు, తెల్ల జుట్లతో పెళ్లివారంతా దెయ్యాల్లా నవ్వుతున్నారు. చిన్నత్త అందరికంటే అందమైన దెయ్యం. సంతోషం పట్టలేక నానమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"చెయ్యి తోయడం సరే అత్తయ్యగారూ, లెక్క అందుకున్నారు చూశారూ... అదీ నన్ను కాపాడింది!"

నానమ్మ కొంగు దించింది.

"లెక్కేంటి? నేను ఊపిరి బిగబట్టుకుని కూచుంటేనూ... లెక్కపెట్టింది మీరు కాదూ?"

ఇద్దరూ స్టూలు పక్కనున్న ఖాళీ జాగా కేసి చూశారు. ఆ తర్వాత ముందు బయటపడింది ఎవరన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇది జరిగి ఇరవయ్యేళ్లు. మావయ్య ఇప్పటికీ ఆ గదిలోనే రీళ్లు కడుగుతాడు. ఒక అలారం గడియారం కొనుక్కోమని మా పెద్దత్త పోరుతూనే ఉంది.

"దండగ," అంటాడు మావయ్య. "ముప్పై ఏడు దాకా నేను లెక్కపెడితే చాలు కదా!"