బలహీనం అని ముద్ర పడిన దారం

లాగుడుయంత్రం కోరల మధ్య దారం బిగిసి, సన్నగా ఈల వేసి, పుటుక్కున తెగింది. తెర మీద నలభై ఏడు అని పడింది. నూకరత్నం నిట్టూర్చి, ఆ చుట్ట మీద ఎర్రసిరాతో 'బలహీనం' అని ముద్ర వేసి పక్కకు దొర్లించింది. పొద్దున్నుంచి ఇది పందొమ్మిదోది.

యాభై గిగాపాస్కల్స్ దాటిన నాళికాదారమే నింగిమోకుకు పనికొస్తుంది. భూమధ్యరేఖ దగ్గర సముద్రంలో తేలే స్థావరం నుంచి లక్ష కిలోమీటర్లు పైకి, అంతరిక్షంలోకి సాగాల్సిన ఆ మోకు తన బరువును తానే మోసుకోవాలి మరి. కర్బన పరమాణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గొట్టంలా నిలబడినంతసేపూ దానికి ఎదురు లేదు. వరసలో ఒక్క పరమాణువు లోపించిందా, బలం దిగజారిపోతుంది. పెద్ద పెద్ద ఇంజినీర్లు ఇరవై ఏళ్ళుగా ఈ లోపం దగ్గరే తలలు పట్టుకు కూర్చున్నారు. పదింట తొమ్మిది చుట్టలు తప్పుతూనే ఉన్నాయి, నింగిమోకు ఇంకా సగంలోనే వేలాడుతోంది.

తప్పిన చుట్టలు మాత్రం లోకాన్నే మార్చేశాయి. మంచం నవారు, బట్టలారేసే తాడు, ఏటి మీద వంతెన, చేపల వల, అన్నీ వాటితోనే. నూలు మిల్లులూ నైలాను మిల్లులూ ఎప్పుడో మూతపడ్డాయి. తెగే తాడు కొందామన్నా ఇప్పుడు ఎక్కడా దొరకదు. నాళికాదారాన్ని కొయ్యాలంటే కాంతికత్తెర కావాలి, అది లైసెన్సు ఉన్నవాళ్ళ దగ్గరే ఉంటుంది. దీన్నంతా ప్రగతి అని పిల్లల పుస్తకాల్లో రాశారు.

ఆమె చెవిపూస మోగింది. తమ్ముడు ఎల్లాజీ. చేపల వేటకెళ్ళినప్పుడు వాడు ఎన్నడూ ఫోను చెయ్యడు.

"అప్పా, వల మునిగిపోయిన ఓడకి తగులుకున్నాది. తాడు నా కాలికి సుట్టేసి పడవంచుకి బిగించేసినాది. కెరటం వచ్చినప్పుడల్లా పడవ ఎనక్కి కుంగిపోతన్నాది."

"రక్షకదళానికి సెప్పినావా?"

"సెప్పినాను. కత్తెరున్న పడవ గంటన్నరకి గాని రాదట. ఈ ఊపుకి నా పడవ అరగంట కూడా ఆగదు."

ఆ తాడు నూకరత్నం ఇచ్చిందే. మూడేళ్ళ కిందట సిబ్బంది వాటా కింద తీసుకుని తమ ఊరు రాళ్ళపేటలో జాలర్లందరికీ పంచింది. ఇక వలలు చిరగవని ఊరంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. నైలాను రోజుల్లో వల దేనికైనా తగులుకుంటే తాడు తెగేది, వల పోయేది, మనిషి తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు. ఆ తెగడమే తన వాళ్ళను అన్నేళ్ళూ కాపాడిందని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"ఒక్క మాట సెప్పప్పా. ఈ సుట్ట మీద బలహీనం అని నువ్వే ముద్దరేసినావు గదా. ఆ బలహీనం ఎక్కడుందో సెప్తే అక్కడే కోసేత్తాను. కత్తి నిన్ననే నూరినాను."

ఆ లోపం ఎప్పుడో వలలో అల్లుకుపోయి సముద్రం అడుగున ఉంది. వాడి చేతికందే చోట ఉన్నా ఒరిగేదేమీ లేదు. బలహీనమన్న ఆ తాడు చిటికెన వేలంత లావుంటే చాలు, మూడు రైలింజన్లను మోస్తుంది. కత్తికి అది లొంగదు. కత్తికి లొంగేది ఆ పడవలో ఒక్కటే ఉంది, వాడి కాలు.

ఆ మాట చెప్పాలి. మోకాలి కింద గుడ్డ బిగించి కట్టుకో, కత్తి తియ్యి, అని చెప్పాలి. చిన్నప్పుడు వాడి కాల్లో ముల్లు దిగితే తీసింది తనే. అప్పుడు వాడు కళ్ళు గట్టిగా మూసుకుని ఆమె భుజం కొరికేవాడు. ఆమె వల్ల కాలేదు.

"కాలికాడ నుంచి రెండు మూరలు కొలిచి సూడు," అంది. "అక్కడుంది. అక్కడ కొయ్యి."

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. వాడి చేతిలో ఏదో ఒక ఆశ పెట్టాలనిపించింది, అంతే. ఈలోగా పర్యవేక్షకుడు శ్రీవత్స దగ్గరికి పరుగెత్తి, కర్మాగారం ఎగురుబండిలో కాంతికత్తెర పంపమని కాళ్ళావేళ్ళా పడింది. ఆయన అక్కడికక్కడే నాలుగు చోట్లకు మాట్లాడాడు.

"గాలి ఎక్కువగా ఉందట, బండిని ఎగరనివ్వరట. నన్ను క్షమించండి నూకరత్నం గారూ," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చెవిపూసలో తాడు మీద కత్తి గీరుకుంటున్న చప్పుడు. మధ్యమధ్య వాడి ఆయాసం. అలా పావుగంట గడిచాక గాని ఆమెకు తెలివి రాలేదు.

"ఒరే, ఒగ్గెయ్యి! ఆ తాడు ఒగ్గెయ్యి! నాను అబద్ధమాడినాన్రా, అది తెగదు. కాలు కోసుకో నాయినా. మోకాలి కింద కట్టు కట్టి కోసుకో. నీకు దండం పెడతాను, బేగి!"

చప్పుడు ఆగింది.

"కత్తికి పదును నేదప్పా," అన్నాడు ఎల్లాజీ. "మొద్దుబారిపోనాది. గోరు కూడా తెగదు."

వాడి గొంతులో నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. వాడు బతకడానికి ఉన్న ఒక్క దారినీ తనే, తన నోటితోనే, వాడి చేత అరగదీయించింది.

"నీళ్ళు నడుం దాకా వచ్చేసినాయి," అన్నాడు. "ఏటీ సెయ్యకుండా ఊరికే కూకోనేనప్పా. ఇంకో సోటుంటే సెప్పు."

నూకరత్నం కళ్ళు మూసుకుంది.

"ఇంకో మూర ముందుకి జరుగు."

"ఊఁ."

"అక్కడ గట్టిగా గియ్యి. మెత్తబడినాదా?"

"ఊఁ. మెత్తబడినట్టే ఉన్నాది."

"ఇంకొంచెం నాయినా. అక్కడే, అక్కడే గియ్యి..."

అటునుంచి ఊఁ కొట్టడం ఆగిపోయేదాకా ఆమె చెబుతూనే ఉంది. ఆగిపోయాక కూడా చాలాసేపు చెప్పింది.