యాభై ఎనిమిది డిగ్రీల ఎండ

అక్షరాలు నాకు తల నెరిశాక వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పి ఉంటాయి. రాత కూడా నత్తనడకే. చదివేవాళ్లు పెద్ద మనసుతో సర్దుకోవాలి. కథ మాత్రం పరుగెత్తేదే.

బెంగళూరు శివార్లలో ఒక కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. ఇంజన్ నడుస్తోంది. ఏసీ చల్లగా వీస్తోంది. వెనక సీటులో రక్షణ శాఖ సైంటిస్టు ఒకాయన కళ్లు తెరుచుకునే చనిపోయి ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

"బ్లాక్ కోబ్రా," అన్నాడు చీఫ్ ఫోనులో. "విదేశీ ముఠా. ఏసీ గాలిలో విషం కలిపారు. తర్వాతి టార్గెట్ డాక్టర్ వనజమ్మ. జలాంతర్గాముల సోనార్ గురించి ఆమెకు తెలిసింది దేశంలో మరొకరికి తెలియదు. మేనకోడలి నిశ్చితార్థానికి పులివెందుల వెళ్తోంది. ఆమెకు దుమ్ము పడదు. కారుకు క్యాబిన్ ఫిల్టర్ లేదు. ప్రొద్దుటూరులో బిగించుకుంటుంది. ఆ షాపులో నువ్వుండాలి."

"నా కవర్?" అడిగాడు ఏజెంట్ ముజమ్మిల్.

"గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఏసీ మెకానిక్. షాపు నడిపేది మన మనిషే. పేరు షబీనా."

షబీనాను చూసి ముజమ్మిల్ ఒక్క క్షణం కోడ్ వర్డ్ మరిచిపోయాడు. నల్ల కళ్లద్దాలు, ఎర్రని లిప్‌స్టిక్, ఆయిల్ మరకల మధ్య అత్తరు వాసన.

"ఖర్జూరాలు తెచ్చినావా భాయ్?" అడిగిందామె.

"గింజలు తీసినవే తెచ్చినా," అన్నాడు తేరుకుని.

మరునాడు పొద్దున్నే వనజమ్మ కారు వచ్చింది. తోలేవాడు నారాయణ, తొండూరు మనిషి. మొదటి నిమిషం నుంచే కయ్యం.

"ఇన్నేండ్లు ఫిల్టర్ లేకుండా బతకల్యా మేము? ఈ గల్ఫ్ దొర వచ్చి మాకు గాలి పీల్చేది నేర్పిస్తాండాడు," అన్నాడు నారాయణ.

"నీకు కాదు మామా, మేడంకు. నువ్వు బీడీ పొగే పీల్చుకో," అన్నాడు ముజమ్మిల్.

ఫిల్టర్‌ను అతను మడత మడతా విప్పి చూశాడు. టార్చి వేశాడు, వాసన చూశాడు. శుభ్రంగా ఉంది. బానెట్ కింద, ముందు అద్దం మొదట్లో గాలి లోపలికి పోయే చోట ఫిల్టర్ డబ్బాను తన చేతులతోనే కూర్చోబెట్టాడు.

"బయటి వేడి చూసే సెన్సార్ ఈడ అడ్డమొస్తాంది," అంది షబీనా. "నేను పక్కకు జరుపుతా. నువ్వు లోపల డాష్‌బోర్డు కింది మూత బిగించు పో."

ముజమ్మిల్ డాష్‌బోర్డు కిందికి దూరాడు. అక్కడ స్క్రూడ్రైవర్ జారింది. కొత్త డాష్‌బోర్డు మీద జానెడు గీత పడింది.

నారాయణ అరుపులకు నాలుగు దుకాణాలవాళ్లు బయటికొచ్చారు. "చేతులా అవి, గడ్డపారలా? యాడ నేర్చుకున్నావురా పని, ఒంటెల కాడనా?"

కారు జమ్మలమడుగు దారి పట్టింది. ముజమ్మిల్ ఊపిరి పీల్చుకున్నాడు. మిషన్ సగం అయిందనుకున్నాడు. ఇంకో కారు నుంచి తీసిన పాత ఫిల్టర్‌కు కంప్రెసర్‌తో గాలి కొడుతూ ఉండగా షాపు ఫోను మోగింది.

"ఏందప్పా నీ పని?" నారాయణ గొంతు. "ముద్దనూరు దాటినాం, ఏసీ చల్లగా రావడంల్యా."

"బయట వేడి ఎంత చూపిస్తాంది మామా?"

"యాభై ఏడు."

"యాభై ఏడా!"

"ఏం, మే నెలలో మా పక్క ఎండ అంటే ఏమనుకున్నావు? మీ దుబాయే గొప్పనా? ఇదో, యాభై ఎనిమిదాయె!" ఆ గొంతులో ఊరి గొప్ప చెప్పుకుంటున్న సంబరం. ఫోను పెట్టేశాడు.

ముజమ్మిల్ చెయ్యి ఆగిపోయింది. భూమి మీద ఎక్కడా అంత ఎండ కాయదు. షబీనా జరిపిన సెన్సార్ చూస్తున్నది ఎండను కాదు. రేడియేటర్ సెగను.

తల తిప్పాడు. షబీనా చేతిలో చిన్న పిస్టల్.

"శానా తొందరగా తెలుసుకున్నావే," అని నవ్వింది. "ఫిల్టర్‌లో వెతికినావు. విషం గొట్టం ఫిల్టర్ వెనక ఉండాది, సెన్సార్ వైరుకు కట్టి. అరవై కొడితే పగుల్తాది. మన చీఫ్ ఇచ్చే జీతం లిప్‌స్టిక్‌కు కూడా చాలదు భాయ్."

ముజమ్మిల్ చేతిలో పాత ఫిల్టర్ ఇంకా ఉంది. ఏడాది నాపరాళ్ల దుమ్ము తాగిన ఫిల్టర్. దాన్ని ఆమె ముఖం వైపు తిప్పి, వెనక నుంచి కంప్రెసర్ గాలి వదిలాడు. తెల్లని మబ్బు లేచింది. పిస్టల్ పేలింది, గుండు పైకప్పు రేకులోంచి పోయింది. దగ్గుతూ కూలబడ్డ షబీనా చేతులు వెనక్కి విరిచి బ్యాటరీ కేబుళ్లతో కట్టేశాడు.

వనజమ్మ ఫోను చీఫ్ ఆజ్ఞ ప్రకారం స్విచాఫ్. మిగిలింది నారాయణ ఒక్కడే.

"మామా, కారులో విషముంది. వెంటనే ఇద్దరూ దిగండి. నేను మెకానిక్‌ను కాదు, ప్రభుత్వ ఏజెంట్‌ను."

అవతల పెద్ద నవ్వు. "స్క్రూ తిప్పేకి చేతకానోడివి, నువ్వు ఏజెంటా? నేను కలెక్టర్‌ను పో!"

"మేడంకు ఇయ్యి ఫోను!"

"నిద్రపోతాంది. లేపను. ఆ గీతకు బదులు చెప్పల్యాక కతలు పడతాండావా? తొండూరు కాడ గొర్రెల మంద అడ్డమొచ్చింది. యాభై తొమ్మిది, ఏం ఎండలప్పా!"

కారు నిలిచిపోయింది. ఎదురుగాలి లేదు. సెగ పెరుగుతుంది. నిజం చెప్తే ఈ మనిషి నమ్మడు. బతిమాలితే వినడు. పొద్దున్నుంచీ తనను ద్వేషించడం తప్ప నారాయణ ఇంకే పనీ చేయలేదు. సరే, ఆ ద్వేషమే కావాలి.

"నమ్మొద్దులే," అన్నాడు ముజమ్మిల్ గొంతు మార్చి. "నువ్వు డ్రైవర్‌వని నేను కూడా నమ్మల్యా. మీ అమ్మ నీకు బర్రెలు తోలేది నేర్పింటే బాగుండు."

"ఏమంటివి?"

"ఇనపడల్యా? బైకులో వస్తాండా. దమ్ముంటే బండి దిగి రోడ్డు మీద నిలబడు. ఏసీలో కూచోని ఎవరైనా అరుస్తారు."

"మేడంను దించేసి వస్తా, ఆడే ఉండు నీ—"

"ఆమె చాటున దాక్కుంటావా? ఆమెను కూడా దింపు. తప్పెవరిదో ఆమె ముందరే తేలాల!"

సీమ మనిషిని దిగి నిలబడమన్నాక కూర్చోబెట్టడం ఎవరి తరం? ఫోనులో తలుపు తెరిచిన చప్పుడు. "అమ్మా, దిగండమ్మా! వీని సంగతి మీ ముందరే తేలిపోవాల!" నిద్రమత్తులో వనజమ్మ గొంతు, "ఎవరు నారాయణా? ఏమైంది?" గొర్రెల అరుపులు. తర్వాత కోపంతో రెండు తలుపులూ ధడాలున వేసిన చప్పుడు.

ఆ వెంటనే ఇంకో చప్పుడు. పలచని గాజు పగిలినట్టు.

"ఏందిది..." నారాయణ గొంతు సన్నబడింది. "అద్దాల లోపలంతా పచ్చని పొగ..."

"దూరం జరగండి! గాలికి ఎదురుగా పోండి! గొర్రెలను కూడా తోలెయ్!"

ముజమ్మిల్ బైకు తొండూరు చేరేసరికి పోలీసులు కారు చుట్టూ తాడు కట్టేశారు. వనజమ్మ వేపచెట్టు నీడలో క్షేమంగా కూర్చుని మజ్జిగ తాగుతోంది. "మీరు నా ప్రాణం నిలబెట్టారు నాయనా," అంటూ లేచి దణ్ణం పెట్టింది.

నారాయణ మాత్రం నీడలోకి రాలేదు. దిగిన చోటే, నడిరోడ్డు మీద, మండే ఎండలో వీల్ స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మామా, అంతా తెలిసింది కదా?" అన్నాడు ముజమ్మిల్ నవ్వుతూ. "దేశాన్ని కాపాడినాం మనిద్దరం."

"తెలిసింది. దేశం సంగతి మళ్ల మాట్లాడదాం," అన్నాడు నారాయణ చొక్కా చేతులు మడుస్తూ. "ముందు మా అమ్మ ఊసు ఎత్తినావే, దాని సంగతి చెప్పు."

బ్లాక్ కోబ్రా చేతికి చిక్కని ఏజెంట్ ముజమ్మిల్ ఎడమ భుజానికి ఆ సాయంత్రం పులివెందులలో పిండికట్టు వేశారు.

అఖ్తర్ బీ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది జమ్మలమడుగులో.